పిచ్చుక దాటిన తర్వాత

సాయంత్రం ఐదు గంటల నలభై రెండు నిమిషాలకు ఆపరేటర్ తన టీ కప్పు కడిగి కిటికీ గట్టు మీద బోర్లించింది. పద్నాలుగు రోజులుగా ఇదే వరస. కప్పు కడగడం, కుర్చీలో కూలబడడం, హెడ్‌ఫోన్ తగిలించుకోవడం, పది నిమిషాలు చెవులు రిక్కించి వినడం, ఏమీ వినపడక తీసేయడం. రోజుకు నాలుగుసార్లు. కళ్ళు మంటలు, నడుం పట్టేసింది, మెడ ఒకవైపే తిరుగుతోంది. ఇంటికెళ్ళి పడుకుంటే నిద్రలో కూడా రిసీవర్ హోరు వినిపిస్తోంది.

ఆ గది ఫిజిక్స్ భవనం ఐదో అంతస్తులో చిట్టచివర ఉంది. ఒకప్పుడు విరిగిన బెంచీలు పడేసేవారు. ఇప్పుడు రెండు కంప్యూటర్లు, ఒక రిసీవర్, ఒక ట్రాన్స్‌మిటర్, మూడు కాళ్ళు సరిగా ఉన్న కుర్చీ ఒకటి. తలుపు పక్క నుంచే ఇనుప మెట్లు డాబా మీదికి పోతాయి. డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన పెద్ద యాంటెన్నా. విద్యార్థులు మూడేళ్ళు కూర్చుని తయారుచేసిన ఉపగ్రహం ఐదు వందల కిలోమీటర్ల ఎత్తులో భూమి చుట్టూ తిరుగుతుంటే, దాని మాట ఈ యాంటెన్నాతోనే వినాలి.

ఉపగ్రహానికి కాగితాల మీద చాంతాడంత పేరుంది. పిలిచేది మాత్రం పిచ్చుక అని. చెప్పుల పెట్టె అంత ఉంటుంది. బాగున్నప్పుడు పది సెకన్లకోసారి హెడ్‌ఫోన్‌లో కిచ్‌మనేది. గంటన్నరకు ఒక చుట్టు తిరుగుతుంది కానీ, ఈ ఊరి మీదుగా పోయేది పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. ఒక అంచున పొడిచి ఇంకో అంచున మునిగేదాకా పది పన్నెండు నిమిషాలు. దాన్నే ‘పాస్’ అంటారు.

పద్నాలుగు రోజుల కిందట పిచ్చుక నోరు మూసుకుంది. అప్పుడప్పుడూ రిసీవర్ తెర మీద సన్నటి జాడ కనిపించి తెగిపోవడమే తప్ప కిచ్‌మన్నది లేదు. దానికొక కట్టుబాటు పెట్టి పంపారు. కింది నుంచి పద్నాలుగు రోజులు ఏ ఆదేశమూ అందకపోతే, తనను అంతా మరిచిపోయారని లెక్కేసుకుని ట్రాన్స్‌మిటర్‌ను శాశ్వతంగా ఆపేసుకుంటుంది. దిక్కూ మొక్కూ లేని ఉపగ్రహాలు ఆకాశంలో ఊరికే అరుస్తూ ఉండకూడదని ఆ ఏర్పాటు. ఆ గడువు ఈ రాత్రితో సరి.

ఫోన్ మోగింది. ప్రొఫెసర్ గారు.

“అమ్మా, ఇంక రెండే పాస్‌లు.”

“తెలుసు సార్. ఆరూ రెండుకొకటి, ఏడూ ముప్పై ఆరుకొకటి.”

“మేలుకొలుపు ఆదేశం పూర్తిగా పోవాలంటే ఆరు నిమిషాలు సిగ్నల్ తెగకుండా ఉండాలి. మధ్యలో తెగిందంటే మొదటికొస్తుంది. పోకపోతే ప్రాజెక్టు ఉండదు...”

“మేమూ ఉండం. అదీ తెలుసు సార్.”

ప్రొఫెసర్ గారు ఫోన్ పెట్టేశారు. ఆయన మంచివాడే. కానీ కాంట్రాక్టు కాగితాల మీద సంతకం ఆయనది కాదు. ఆపరేటరూ ఆమె భర్తా ఇద్దరూ ఈ ప్రాజెక్టు మీదే బతుకుతున్నారు. ఆమె గదిలో, ఆయన డాబా మీద. భవనం వెనక ఉన్న క్వార్టర్సులో ఇల్లు కూడా ప్రాజెక్టుదే. పదో తరగతి పరీక్షలకు చదువుతున్న కూతురు ఆ ఇంట్లోనే ఉంది. పిచ్చుక పలకకపోతే నెలాఖరుకు ముగ్గురూ రోడ్డు మీదే.

భర్త మెకానిక్. యాంటెన్నా తిప్పే మోటార్లు, స్టాండ్లు, తీగలు ఆయన సొత్తు. డాబా మీద తన రెంచీ ఎవరైనా ముట్టుకుంటే ఆ పూట అన్నం తినడు. మోకాలు అరిగిపోయింది. ఇనుప మెట్లు ఎక్కేటప్పుడు ఒక అడుగు బరువుగా, ఒక అడుగు తేలిగ్గా చప్పుడయ్యేది. ఆ చప్పుడు వింటూనే ఆమె ఆయన ఏ మెట్టు మీద ఉన్నాడో చెప్పేది.

ఆయన గదిలోకి తల పెట్టాడు.

“ఇదిగో, టీ ఉందా?”

పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో ఆయన ఆమెను పేరు పెట్టి పిలిచింది లేదు. ఎప్పుడూ ‘ఇదిగో’.

“కప్పు కడిగేశాను.”

“కప్పు తాగుతానన్నానా?”

“మోటారుకు నూనె పోశారా?”

“నాకు టీ పొయ్యవు గానీ మోటారుకు నూనె అడుగుతావు. దాన్నే కట్టుకోవాల్సింది.”

“అదైతే చెప్పినవైపు తిరిగేది.”

ఆయన నవ్వాడు. ఇద్దరికీ నవ్వడానికి కూడా ఓపిక లేదు. అయినా నవ్వారు.

ఆరూ రెండుకు మొదటి పాస్ మొదలైంది. పెద్ద యాంటెన్నా దక్షిణం నుంచి కదిలింది. నిమిషం గడిచాక పైనుంచి పళ్ళు కొరుకుతున్నట్టు మూలుగు వినిపించింది. ఇంకో నిమిషానికి మెట్ల మీదుగా మాడిన వాసన దిగింది. తెర మీద యాంటెన్నా దిక్కు చూపే అంకె నూట నలభై దగ్గర మొండికేసి ఆగిపోయింది. పిచ్చుక దాని దారిన అది పోయింది.

మెకానిక్ దిగి వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. చేతులకు మసి.

“మోటారు కాలిపోయింది. వారం పని.”

ఆమె హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

“ముఖం అలా వేలాడేయకు. చేతి యాంటెన్నా ఉంది కదా,” అన్నాడాయన.

చేతి యాంటెన్నా అంటే మనిషంత పొడుగున్న చేపముల్లు లాంటిది. చిన్న స్టాండు మీద నిలబెట్టి, పిడి పట్టుకుని మనిషే తిప్పాలి. తీగ కిటికీలోంచి గదిలోకి వస్తుంది. పిచ్చుక ఏ క్షణాన ఏ దిక్కున, ఎంత ఎత్తులో ఉంటుందో గదిలోని తెర మీద అంకెలుగా కనిపిస్తుంది. ఆమె వాకీటాకీలో ఆ అంకెలు చెప్పాలి. పైన ఆయన అటు తిప్పాలి. వాకీటాకీలు రెండే రెండు. ఒకటి ఆమె బల్ల మీద, ఒకటి ఆయన నడుముకు.

ఏడూ ఇరవైకి ఆయన మెట్లెక్కాడు. ఒక అడుగు బరువుగా, ఒక అడుగు తేలిగ్గా. పద్దెనిమిది మెట్లు. బయట చీకటి పడింది. సెలవు రోజు కాబట్టి భవనంలో ఇంకెవరూ లేరు. కింద గేటు దగ్గర గార్డు ఉంటాడు. వరండాలో ఒక్క దీపం. నీళ్ళ ట్యాంకు నిండి అంచు మీదుగా కారుతున్న చప్పుడు ఆగి ఆగి వినిపిస్తోంది. కిటికీ లోంచి చల్లగాలి, దాంతోపాటు గ్రీజు వాసన.

ఏడూ ముప్పై ఆరు.

“మొదలవుతోంది. దిక్కు నూట అరవై, ఎత్తు ఐదు.”

“పెట్టా. తర్వాత?”

“నూట యాభై, పన్నెండు.”

“పెట్టా. తర్వాత?”

హోరు. హోరు లోపల హోరు. రిసీవర్ తెర మీద ఎండిన ఏరులాంటి బూడిదరంగు. బూడిద మధ్యలో దారప్పోగంత ఆకుపచ్చ గీత లేచింది. సన్నగా వణికి, లావెక్కింది. పిచ్చుక ఇంకా పలకలేదు. కానీ అక్కడే ఉంది, వింటోంది.

“దొరికిందండీ! దొరికింది! కదపకండి... కాదు, కదపండి! నూట ముప్పై ఐదు, ఇరవై మూడు!”

“ముందు నువ్వు కుదురుగా కూర్చో. పెట్టా. తర్వాత?”

ఏడూ ముప్పై తొమ్మిదికి ఆమె మేలుకొలుపు ఆదేశం పంపడం మొదలుపెట్టింది. తెర కింద అంకె నడుస్తోంది. నాలుగు శాతం. తొమ్మిది. పదిహేను. ఆరు నిమిషాలు ఇలాగే పోతే చాలు. గట్టెక్కినట్టే.

ఇంతలో అంకెలు చదవడం ఒక్క క్షణం ఆపి, కళ్ళు నులుముకుంది. కళ్ళు తెరిచేసరికి తలుపు దగ్గర మెకానిక్ నిలబడి ఉన్నాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు.

మెట్ల మీద చప్పుడు ఆమెకు వినపడలేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుంది కదా అనుకుంది.

“ఏంటి... వచ్చేశారు?”

“నువ్వే కదా రమ్మన్నావు.”

“నేనా?”

“ఇందాకే. ‘చాలు, వచ్చేయండి’ అన్నావు. వాకీటాకీలో.”

“నేనెందుకంటాను? ఇంకా సగం కూడా పోలేదు! యాంటెన్నా ఏం చేశారు?”

“స్టాండుకు కట్టేశా. వాకీటాకీ అక్కడే గోడ మీద పెట్టా. ఏం, తెగిపోయిందా?”

ఆమె చటుక్కున తెర వైపు తిరిగింది.

తెగలేదు.

ఆకుపచ్చ గీత నిండుగా ఉంది. ముప్పై ఒక్క శాతం. ముప్పై మూడు. కట్టేసిన యాంటెన్నా కదలదు. పిచ్చుక సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా పరిగెడుతుంది. పైన పిడి వదిలేస్తే అర నిమిషంలో గీత సన్నబడి చచ్చిపోవాలి. అలా చావడం ఈ రెండేళ్ళలో ఆమె ఎన్నోసార్లు చూసింది. ఈ గీత చావలేదు. ఆమె అంకెలు చెప్పి నిమిషం దాటింది. పిచ్చుక ఎటు పోతే యాంటెన్నా అటే పోతోంది.

ఎవరో తిప్పుతున్నారు.

“పైన ఎవరున్నారు?” గుసగుసగా అడిగింది.

“ఎవరూ లేరే...”

బల్ల మీద వాకీటాకీ గరగరలాడింది.

“తర్వాత?”

ఆయన గొంతు. గాలి వెనకగా, కాస్త ఆయాసంగా. పైన ఉన్నప్పుడు ఎలా ఉంటుందో అలాగే.

ఆమె మెకానిక్ ముఖం వైపు చూసింది. పెదాలు కదల్లేదు. ఆయనా వాకీటాకీ వైపే చూస్తున్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఇదిగో... నిద్రపోయావా? మోకాలు లాగుతోంది. తొందరగా చెప్పు. తర్వాత?”

గొంతును ఎవరైనా అనుకరించవచ్చు. విద్యార్థుల్లో అలాంటి ఆకతాయిలు ఇద్దరున్నారు. వాళ్ళే అయ్యుంటారు. సెలవుకు ఊరెళ్ళకుండా దాక్కుని... ఆమె బొత్తాం నొక్కింది. వేలు జారింది. మళ్ళీ నొక్కింది.

“పొద్దున మీ డబ్బాలో ఏం పెట్టాను?”

గరగర. చిన్న నవ్వు.

“ఏం పెడతావ్... నిన్నటిదే.”

“నిన్నటిదే,” అన్నాడు తలుపు దగ్గరి ఆయన కూడా. మెల్లగా. సరిగ్గా అదే క్షణంలో.

రెండు గొంతులూ ఒకటయ్యాయి.

గదిలో ట్యాంకు నీటి చప్పుడు తప్ప ఏమీ లేదు... ఒక చుక్క... ఇంకో చుక్క... నలభై ఐదు శాతం.

ఆమె చేయగలిగినవి రెండే. ఇద్దరూ గది వదిలి పారిపోవచ్చు. అప్పుడు పిచ్చుక పోతుంది, కొలువు పోతుంది, ఇల్లు పోతుంది, పరీక్షల ముందు పిల్ల పుస్తకాలు మూటగట్టుకోవాలి. లేదా...

పద్నాలుగు రోజుల అలుపు ఆమె తరఫున జవాబు చెప్పింది. పైన ఉన్నది ఎవరైతేనేం. పని చేస్తోంది. ఇంకో మూడు నిమిషాలు చేస్తే చాలు.

“దిక్కు... డెబ్భై ఐదు. ఎత్తు యాభై ఆరు.”

“పెట్టా. తర్వాత?”

“దానితో మాట్లాడకు,” అన్నాడు గదిలోని ఆయన.

“మూడు నిమిషాలండీ.”

“వద్దంటున్నా కదా.”

“మూడు నిమిషాలు. కూర్చోండి.”

ఆయన కూర్చోలేదు. గోడకు వీపు ఆనించి, పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె అంకెలు చెబుతూ పోయింది. పైనుంచి ‘పెట్టా’ వస్తూ పోయింది. ఒక్క డిగ్రీ తేడా లేదు. ఇంత చక్కగా ఏనాడూ పట్టలేదు... లేదు, పట్టాడు. మోకాలు బాగున్న రోజుల్లో.

డెబ్భై ఒకటి. ఎనభై నాలుగు. తొంభై ఐదు.

ఏడూ నలభై ఐదు నిమిషాల పది సెకన్లకు అంకె వంద తాకింది. హెడ్‌ఫోన్‌లో ఏమీ లేదు. ఏమీ లేదు. ఆ తర్వాత...

కిచ్.

పద్నాలుగు రోజుల తర్వాత పిచ్చుక పలికింది. ప్రాణం లేచి రావలసిన క్షణం. ఆమె కన్నీళ్ళు తుడుచుకుంది. అవి ఎందుకొచ్చాయో ఆమెకే తెలియలేదు.

ఏడూ నలభై ఎనిమిదికి పిచ్చుక ఉత్తరాన మునిగింది. గీత సన్నబడి ఆరిపోయింది.

ఆ గదికి ఒక పద్ధతి ఉంది. పెట్టింది మెకానికే. ఒకసారి పాస్ అయిపోయిందనుకుని అర నిమిషం ముందే యాంటెన్నా వదిలేశాడు. ఒక రోజు సమాచారమంతా పోయింది. అప్పటినుంచీ ఆమె వాకీటాకీలో ‘అయింది, దించండి’ అని నోటితో చెబితేగాని ఆయన పిడి వదలడు. “నువ్వు చెప్పేదాకా నా చెయ్యి తియ్యను. ఆకాశం విరిగి పడ్డా సరే,” అనేవాడు. ఒకసారి ఆమె మరిచిపోయి బాత్రూమ్‌కి వెళితే ఇరవై నిమిషాలు వానలో అలాగే నిలబడ్డాడు. వారం రోజులు జలుబుతో దెప్పాడు.

“తర్వాత?” అంది వాకీటాకీ.

ఆమె బొత్తాం మీద వేలు పెట్టింది.

“ఇదిగో... పలికిందా పిచ్చుక?”

వేలు నొక్కలేదు.

“చలేస్తోంది. అయిందా? దించమంటావా?”

ఆమె గదిలోని ఆయన వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“చెప్పకు,” అన్నాడు గొంతు బాగా తగ్గించి. “దించమంటే కిందికొస్తుంది.”

ఆయన కళ్ళు ఆమెవైపు లేవు. తలుపు వైపున్నాయి.

అది నిజమే అనిపించింది. పైన ఉన్నది పైనే ఉండాలి. మెట్లు దిగి ఆ తలుపు దగ్గర, మసి చేతులతో, ఇంకో ఆయన నిలబడితే తాను తట్టుకోలేదు. ఇద్దరిలో ఎవరి వైపు పరిగెత్తాలో తేల్చుకునే శక్తి ఆమెలో వీసమెత్తు లేదు.

వాకీటాకీ మీటను తిప్పింది. టక్. చప్పుడు ఆగిపోయింది.

“పదండి.”

“యాంటెన్నా?” అని ఆమే అడిగింది, అలవాటుగా.

“పొద్దున చూసుకోవచ్చులే.”

పనిముట్టు మీద మంచు పడుతుందంటే నిద్రలోంచి లేచి వచ్చే మనిషి. ఆ మాట ఆయన నోట ఆమె ఎప్పుడూ వినలేదు. భయపడితే ఎవరైనా అంతేనని సర్దిచెప్పుకుంది.

ఏడూ యాభై ఒకటికి గదికి తాళం వేశారు. ఇనుప మెట్ల పక్కనుంచే నడవాలి. మెట్ల పైన డాబా తలుపు తెరిచే ఉంది. నల్లటి చతురస్రం. ఆమె చూడకూడదనుకుంది. చూడలేదు. ఆయన ఆమె మోచేయి పట్టుకుని తొందరగా నడిపించాడు.

వరండా మలుపు తిరుగుతుండగా పైనుంచి వినిపించింది. వాకీటాకీలోంచి కాదు. గాలిలోంచి.

“ఇదిగో...”

కేక కాదు. బెదిరింపు కాదు. ఏదో అడగబోయి ఆగినట్టు.

ఆమె అడుగు తడబడింది. మోచేయి మీద చెయ్యి బిగిసింది. ఐదు అంతస్తులూ దిగేదాకా వదల్లేదు. గేటు దగ్గర గార్డు, “ఏంటి మేడం, ఈరోజైనా పలికిందా?” అని నవ్వుతూ అడిగాడు. “పలికింది,” అంది.

ఇంట్లో కూతురు పుస్తకం ముందు కునికిపాట్లు పడుతోంది. ముగ్గురూ తిన్నారు. కూతురికి పరీక్ష భయం. “అమ్మా, నా పక్కన పడుకో,” అంది. పడుకుంది. అంతకు ముందే ప్రొఫెసర్ గారికి ఫోన్‌లో పిచ్చుక సంగతి చెప్పింది. డాబా సంగతి చెప్పలేదు. ఏమని చెబుతుంది?

మర్నాడు పొద్దున ప్రొఫెసర్ గారే మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చారు. ఇద్దరు అటెండర్లను వెంటబెట్టుకుని డాబా ఎక్కి యాంటెన్నా దింపించారు. ఆమె మెట్ల కింద నిలబడింది, పైకి వెళ్ళలేదు. పైన ఎవరూ లేరు. స్టాండు ఉన్నచోటే ఉంది. పిట్టగోడ మీద వాకీటాకీ బ్యాటరీ అయిపోయి పడి ఉంది. యాంటెన్నాను స్టాండుకు కట్టిన తాడు లేదు. గాలికి ఎగిరిపోయి ఉంటుందన్నారు.

పిచ్చుక రోజుకు నాలుగుసార్లు పలుకుతోంది. కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు. మెకానిక్ మాత్రం ఆ రోజు నుంచీ డాబా ఎక్కలేదు. మోకాలు అన్నాడు. కొత్త మోటారును అటెండర్లే పైకి మోశారు. ఆయన మెట్ల కింద నిలబడి ఎలా బిగించాలో చెప్పాడు. అన్నీ సరిగ్గానే చెప్పాడు. ఆమె ఏమీ అడగలేదు. అలిసిపోయిన మనిషికి అడగడం కూడా ఒక పనే. పైగా ఇంట్లో ఆయన మునుపటిలాగే ఉన్నాడు. టీ అడుగుతున్నాడు. డబ్బా కట్టుకెళుతున్నాడు. నిన్నటిదే పెట్టావని దెప్పుతున్నాడు.

తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజు మధ్యాహ్నం ప్రొఫెసర్ గారు ఆమెను తన గదికి పిలిచారు. బల్ల నిండా కాగితాలు. నివేదిక రాస్తున్నారు.

“అమ్మా, ఆ రాత్రి మీ ఆయన ఎప్పటిదాకా పైన ఉన్నాడు?”

“ఎనిమిది లోపలే తాళం వేసి బయల్దేరాం సార్. ఇద్దరమూ.”

“ఆ రాత్రి ఫోన్‌లో విన్నదీ అదే. మరి ఇదేంటి?”

చేతి యాంటెన్నా పిడి లోపల కోణాలు రాసుకునే చిన్న పెట్టె ఒకటి ఉందట. కిందటేడు ఎవరో విద్యార్థులు తమ ప్రాజెక్టు కోసం బిగించి, తీయడం మరిచిపోయారు. యాంటెన్నా వాడినప్పుడల్లా అది ఏ నిమిషాన ఎటు తిరిగి ఉందో దానంతట అదే రాసుకుంటుంది. నివేదికలో పెడదామని ఆయన నిన్న విప్పి చూశారు.

కాగితం మీద గీత ఏడూ ముప్పై ఆరు నుంచి ఏడూ నలభై ఎనిమిది దాకా పిచ్చుక వెంటే ఉంది. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా కట్టేసినట్టు లేదు. ఆ తర్వాత మూడు నిమిషాలు ఉత్తరాన కదలకుండా నిలిచింది. ఏడూ యాభై ఒకటికి యాంటెన్నా కొన కిందికి వాలింది. నిట్టనిలువుగా, మెట్లవైపు. అక్కడి నుంచి నెమ్మదిగా గేటు వైపు జరిగింది. గేటు దగ్గర కాసేపు ఆగింది. తర్వాత దారి వెంట, మనిషి నడిచే వేగంతో, భవనం వెనక్కి తిరిగింది. ఎనిమిదీ రెండుకు ఒకచోట ఆగింది. తెల్లవారుజామున నాలుగూ పదికి పెట్టె బ్యాటరీ అయిపోయేదాకా అటే చూస్తూ ఉండిపోయింది.

“దిక్కు రెండు వందల ముప్పై ఒకటి. ఎత్తు సున్నాకు నాలుగు డిగ్రీలు కింద. ఆకాశంలో అటు ఏమీ ఉండదు కదా. క్వార్టర్సు తప్ప,” అన్నారు ప్రొఫెసర్ గారు.

ఆమె కాగితం చేతిలోకి తీసుకుంది. ఎనిమిదీ రెండు నుంచి నాలుగూ పది దాకా గీత తాడు కట్టినట్టు తిన్నగా ఉంది. ఒక్కచోట తప్ప. రెండూ పదకొండుకు ఒకటిన్నర డిగ్రీ కుడికి జరిగింది. పడకగది నుంచి ముందు వరండాకు ఉన్నంత దూరం. ఇరవై నిమిషాలు అక్కడే ఆగి, మళ్ళీ మెల్లగా వెనక్కి వచ్చింది.

ఆమెకు గుర్తొచ్చింది. పిచ్చుక పలికిన ఆ రాత్రి తనకు నిద్ర పట్టలేదు. కూతురు ఆమె చేతి మీద తల పెట్టుకుని పడుకుంది. చెయ్యి తిమ్మిరెక్కినా, పిల్ల లేస్తుందని తెల్లారేదాకా పక్కకు కూడా తిరగలేదు. రెండింటి వేళ మంచం కిర్రుమంది. దీపం వేయకుండానే అడుగులు వరండాలోకి వెళ్ళాయి. చాలాసేపటికి తిరిగి వచ్చాయి.

కూతురు లేవలేదు. ఆమె లేవలేదు. ఆ రాత్రి ఆ ఇంట్లో మంచం దిగి నడిచింది ఆయనొక్కడే.